సవరల గురువు గిడుగు రామమూర్తి పంతులు

ఐతరేయ బ్రాహ్మణమను ప్రాచీన గ్రంథమున ఆర్యులకు దూరముగ నివసించు కొన్ని జాతుల పేర్లు చెప్పబడినవి. వానిలో ఆంధ్రుల పేరును శబరుల పేరును ఒక్కచోటనే కానవచ్చును. నాటి శబరుల సంతతివారే నేటి సవరలని పండితులు తలంచుచున్నారు. ఆంధ్రుల భాషకు కాలక్రమమున రాజాశ్రయము లభించినది. ఆ భాషలో శాసనములు వెలసినవి. కావ్యములు, వ్యాకరణములు, నిఘంటువులు పుట్టినవి. శబరుల భాషకు ఆ భాగ్యము కలుగలేదు. అది కొండలలో, అడవులలో, తల్లి నోటినుండి బిడ్డ చెవికి ప్రాకుచు, అక్షరమను మాట యెరుగకయే వేలకొలది యేండ్లు జీవించినది. అట్టి భాషకు శాస్త్రీయమైన వ్యాకరణమును నిఘంటువును కూర్చిన మహనీయుడు మన తెలుగువాడే. ఆయనయే గిడుగు వెంకట రామమూర్తి పంతులు. పంతులుగారిని వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా తెలుగునాట ఎల్లవారును ఎరుగుదురు. ఆ ఉద్యమమునకు పూర్వమే మొదలిడి, కడపటి దినములవరకు వారు సాగించిన సవరభాషా సేవను ఎరిగినవారు తక్కువ.

రామమూర్తి పంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన శ్రీకాకుళమునకు ఉత్తరమున, వంశధారానది యొడ్డునగల పర్వతాలపేట యను గ్రామమున జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. 1875లో తండ్రి మరణించుటచే కుటుంబము కష్టములపాలయ్యెను. బాలుడైన రామమూర్తి మేనమామగారి ప్రాపున చదువు సాగించి, విజయనగరమున మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చేరెను. అచట గురజాడ అప్పారావుగారు ఆయనకు సహాధ్యాయి. ఆ బాల్యస్నేహము మీదటి కాలమున తెలుగుభాష చరిత్రనే మార్చినది. 1879లో రామమూర్తిగారు మెట్రిక్యులేషను పరీక్షయందు ఉత్తీర్ణులైరి. ఇంటి పరిస్థితులు పైచదువునకు అనుకూలింపకపోవుటచే వెంటనే ఉద్యోగము వెదకుకొనవలసి వచ్చెను.

1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో వారికి ఉపాధ్యాయ పదవి లభించెను. జీతము నెలకు 30 రూపాయలు. మొదటి ఫారము విద్యార్థులకు చరిత్ర బోధించుట వారి పని. బోధించుచునే వారు ప్రైవేటుగా చదివి, 1896లో బి.ఏ. పట్టమును పొందిరి. పాఠ్యపుస్తకములోని విషయమును వల్లించి చెప్పుటతో వారికి తృప్తి కలిగెడిది కాదు. సమీపమునగల శ్రీముఖలింగ క్షేత్రమునకు పోయి, దేవాలయపు గోడలపైనున్న శాసనములను పుస్తకముల సహాయముతో తామే చదువ నేర్చుకొనిరి. తెలియని దానిని కంటితో చూచి, చెవితో విని, మూలమునుండి తెలిసికొనుట వారి స్వభావము. ఆ స్వభావమే వారిని సవరల కడకు నడిపించినది.

పర్లాకిమిడి పట్టణము మహేంద్రతనయానది యొడ్డున, తూర్పుకనుమల పాదమున నున్నది. పట్టణము దాటి కొన్ని మైళ్లు నడచినచో కొండలు మొదలగును. ఆ కొండలలో సవరల పల్లెలు కలవు. కొండవాలున చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదలో విత్తనములు చల్లి పోడు వ్యవసాయము చేయుట వారి ప్రధాన జీవనము. చింతపండు, తేనె, అడ్డాకులు మొదలైన అటవీఫలములను సంతకు మోసికొనివచ్చి, ఉప్పును బట్టలను కొనుక్కొని పోవుదురు. సంతలో తెలుగువాడు తెలుగున మాటలాడును. ఓఢ్రుడు ఒరియాలో మాటలాడును. కచేరీలలోని కాగితములు ఇంగ్లీషుననో తెలుగుననో ఒరియాలోనో ఉండును. సవర మాట మాత్రము ఎచటను చెల్లదు. తూకములో మోసము జరిగినను, అప్పుపత్రములో అంకె మారినను, సవర నోరు విప్పి చెప్పుకొనుటకు దారి లేదు. రెండు భాషలు వచ్చిన మధ్యవర్తి ఎట్లు చెప్పిన అట్లు నమ్మవలసినదే. ఈ విధముగ భాష తెలియని లోపము సవరల బ్రదుకులో ప్రతిదినము నష్టముగా పరిణమించుచుండెను.

ఇట్టివారికి చదువు చెప్పవలెనన్న తలంపు రామమూర్తి పంతులుగారికి కలిగెను. అయితే ఏ భాషలో చెప్పవలెను? సవర బాలుని తెలుగు బడిలో కూర్చుండబెట్టినచో, వానికి అక్షరమును కొత్తయే, ఆ అక్షరముతో వ్రాయబడిన మాటయు కొత్తయే. గురువు చెప్పునది శిష్యునకు తెలియదు. శిష్యుడు పలుకునది గురువునకు తెలియదు. అట్టిచో బాలుడు బుద్ధిహీనుడని ముద్రపడి ఇంటికి మరలును. లోపము బాలునిది కాదు, బోధించు భాషది. సవరలకు సవరభాషలోనే చదువు మొదలిడవలెనని పంతులుగారు నిశ్చయించుకొనిరి. అందుకు మొదట ఆ భాషను తాము నేర్చుకొనవలెను.

నేర్చుకొనుటకు పుస్తకము లేదు; లిపి లేదు; చెప్పు పండితుడు లేడు. సవరభాషయు తెలుగును తెలిసిన ఒక వ్యక్తిని పంతులుగారు తమ యింటనే ఉంచుకొనిరి. అతనితో మాటలాడుచు, మాట వెంట మాటగా, వాక్యము వెంట వాక్యముగా భాషను సేకరింపసాగిరి. ఒక మాటకు ఒకచోట ఒక అర్థమును, వేరొకచోట వేరొక అర్థమును తోచినపుడు, పలువురిని అడిగి నిజము తేల్చుకొనిరి. యూరపు దేశములలో అప్పుడప్పుడే వెలువడుచున్న ధ్వనిశాస్త్ర, భాషాశాస్త్ర గ్రంథములను తెప్పించుకొని చదివిరి. ఆ కాలమున ఒక మారుమూల పట్టణమందలి పాఠశాలోపాధ్యాయుడు ఇట్టి విద్యను స్వయంకృషిచే ఆర్జించుట సామాన్యమైన విషయము కాదు.

ఆ భాష స్వరూపము తెలిసికొన్నకొలది వారికి ఆశ్చర్యము కలిగించునదియే. సవర తెలుగునకు బంధువు కాదు, ఒరియాకును కాదు. అది ముండా భాషాకుటుంబమునకు చెందినది. సంతాలీ, ముండారీ దానికి దగ్గరి చుట్టములు. బర్మాలోని మోన్ భాష, కాంబోడియాలోని ఖ్మేరు భాష దూరపు చుట్టములు. గొంతులో గాలిని క్షణకాలము నొక్కిపట్టి పలుకు ధ్వని ఒకటి దానిలో కలదు. మన అక్షరములలో దానికి గుర్తు లేదు. తెలుగున విడివిడిగా ఉండు కర్మపదమును క్రియాపదమును సవరభాష ఒక్కొక్కచోట ఒకే మాటగా కలిపివేయును. పైకి మోటుగా కనబడు ఆ భాషకు, దగ్గరకు పోయి చూచినచో ఇట్టి సూక్ష్మమైన కట్టుబాట్లు ఎన్నియో గలవు.

ఆ భాషలోని లెక్క మరియు విచిత్రమైనది. మనము పదులతో లెక్కించెదము. సవరలు పండ్రెండుతోను ఇరువదితోను లెక్కింతురు. పండ్రెండు వరకు వేరువేరు మాటలు కలవు. పదమూడు అనవలసినపుడు పండ్రెండు ఒకటి అందురు. పందొమ్మిది అనగా పండ్రెండు ఏడు. ఇరువదికి మరల కొత్త మాట వచ్చును. ముప్పదిమూడు అనగా ఇరువది, పండ్రెండు, ఒకటి. తొంబదిమూడు అనగా నాలుగిరువదులు, పండ్రెండు, ఒకటి. లెక్క వేసి చూచినచో తప్పు లేదు. ప్రపంచమున ఇట్టి లెక్కపద్ధతి మిక్కిలి అరుదు. మానవుని బుద్ధి ఒకే విషయమును ఎన్నివిధముల ఊహింపగలదో ఇట్టి భాషల వలననే తెలియుచున్నది. ఒక భాష అంతరించినచో అట్టి ఊహ యొకటి లోకమునుండి మాసిపోవును. పదులతో లెక్కించు పుస్తకమునే మొదటి దినమున చేతికిచ్చినచో, ఇంట పండ్రెండులతో లెక్క నేర్చిన సవర బాలుడు ఎంత తికమక పడునో ఊహింపవచ్చును.

పంతులుగారు ఇంట కూర్చుండి నేర్చుకొనుటతో ఆగలేదు. కొండలెక్కి సవరల పల్లెలకు పోయిరి. మన్యపు ప్రాంతము ఆ దినములలో చలిజ్వరములకు నిలయము. మలేరియా సోకి, క్వయినా మందును పుచ్చుకొనుటచే వారికి చెవుడు వచ్చెను. ఆ చెవుడు జీవితాంతము వారిని వీడలేదు. మాటల ధ్వనులను పట్టుకొనుటయే పనిగా పెట్టుకొనినవారికి వినికిడియే లోపించుట ఎంతటి విపత్తో చెప్పనక్కరలేదు. ఐనను వారు చేపట్టిన పనిని విడువలేదు. అప్పటికే సేకరించిన సామగ్రిని సరిచూచుచు, కుమారుడు సీతాపతిగారి సహాయముతో కృషిని ముందునకు సాగించిరి. సీతాపతిగారును తండ్రివలెనే సవరభాషను అభ్యసించి, ఆ పనిలో తోడ్పడిరి.

భాష కొంత పట్టుబడిన పిమ్మట పంతులుగారు సవరభాషలో వాచకములు వ్రాసిరి. తమ సొంత ధనముతో సవర బాలుర కొరకు బడులు పెట్టించి, ఉపాధ్యాయుల జీతములను తామే చెల్లించిరి. సంసారము గల ఒక ఉపాధ్యాయుడు తన పరిమితమైన రాబడిలోనుండి ఈ వ్యయమును భరించుట ఎంత కష్టమో ఊహించుకొనవచ్చును. అంతకుమించి, సంఘమున కొండజాతులను తక్కువచూపు చూచు కాలమది. అట్టి కాలమున సవరను ఇంటికి పిలిచి, దగ్గర కూర్చుండబెట్టుకొని, అతనినే గురువుగా భావించి భాష నేర్చుకొనుట ధైర్యముగల పని.

ఈ పని ఎవరు చేయదగినదను ప్రశ్న ఇచట పుట్టుచున్నది. ఒక ఉపాధ్యాయుడు తన జీతముతో రెండు మూడు బడులను నడపవచ్చును. కొండలన్నిటను బడులు పెట్టుట అతనికి శక్యము కాదు. అతడు మరణించిన పిమ్మట ఆ బడులేమగును? కావున ఇది ప్రభుత్వము చేయవలసిన పని యని కొందరందురు. మరికొందరు వేరుగా వాదింతురు. లిపి లేని, గ్రంథములు లేని, ఉద్యోగము తెచ్చిపెట్టని భాషకై ప్రజల పన్నులు వెచ్చింపనేల? సవర బాలుడు తెలుగో ఒరియాయో నేర్చుకొనినచో వానికి సంతలోను కచేరీలోను పనికివచ్చును గదా? చిన్న చిన్న భాషలన్నిటిని పోషించుచు పోయినచో దేశమున ఐకమత్యము కలుగుట ఎట్లు? ఈ వాదమును వట్టిదని త్రోసివేయరాదు. బిడ్డ బాగుపడవలెనని కోరు తల్లిదండ్రులు సయితము అట్లే తలంచుట కలదు. దీనికి సమాధానము పంతులుగారి జీవితములోనే వెదకవలెను.

ఆనాటి ఆంగ్లప్రభుత్వము భాషల విషయమున ఏమియు చేయలేదనుట న్యాయము కాదు. గ్రియర్సను అను అధికారి పర్యవేక్షణమున 1894 మొదలు 1928 వరకు భారతదేశ భాషల పరిశీలన జరిగినది. 1906లో వెలువడిన నాలుగవ సంపుటములో ముండా, ద్రావిడ భాషల వివరణ కలదు. సవరయు అందు చేరినది. అయితే భాషలను లెక్కించుట వేరు, కాపాడుట వేరు. పుస్తకములో పేరెక్కినంత మాత్రమున సవర బాలునికి బడి దొరకలేదు. పంతులుగారి కృషిని మెచ్చి ప్రభుత్వము 1913లో వారికి బిరుదము నిచ్చినది. తరువాత కైజర్-ఇ-హింద్ పతకమును ఇచ్చినది. వ్యక్తికి గౌరవము దక్కినది. భాషకు దక్కవలసిన ఆశ్రయము ఇంకను దూరముననే యుండెను.

ప్రభుత్వపు ఉత్తరువు ఎంతవరకు ఉపకరించునో పంతులుగారికి తెలుగు విషయమునను అనుభవమునకు వచ్చినది. 1911లో వారు ఉద్యోగమునుండి విరమించిరి. పాఠశాలల పరీక్షాధికారియైన జె.ఏ. యేట్సుదొర, గురజాడ అప్పారావు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు మొదలగువారితో కూడి, పుస్తకములలోని తెలుగు ప్రజలు పలుకు తెలుగునకు దగ్గరగ నుండవలెనని వారు ఉద్యమించిరి. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసమును కావ్యభాషలోగాని ఆధునికభాషలోగాని వ్రాయవచ్చునని 1912లో ఉత్తరువు వెలువడెను. పండితులలో గొప్ప అలజడి రేగెను. ఆ సౌకర్యము ఎక్కువకాలము నిలువలేదు. పంతులుగారు నిరాశ చెందక, ఊరూర తిరిగి ఉపన్యసించుచు, 1919లో తెలుగు అను పత్రికను స్థాపించి ఒక సంవత్సరము నడపిరి. ఉత్తరువు ఒక దినమున వచ్చును, వేరొక దినమున పోవును. ప్రజల మనస్సు మారినపుడే అది స్థిరపడును. తెలుగు విషయమున వారు కోరినదియు, సవర విషయమున వారు కోరినదియు ఒక్కటే: బిడ్డ నోటనున్న మాటతో చదువు మొదలు కావలెను.

సవరభాషపై వారు సుమారు 35 సంవత్సరములు శ్రమించిన ఫలము 1931లో వెలుగు చూచినది. ఇంగ్లీషున వారు రచించిన సవరభాషా వ్యాకరణమును మద్రాసు ప్రభుత్వము తన ముద్రాలయమున అచ్చువేయించెను. 1933లో ఇంగ్లీషు–సవర నిఘంటువును, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువును అట్లే ప్రకటించెను. ఇట్టి గ్రంథములను లాభాపేక్షగల ప్రకాశకు లెవ్వరును అచ్చువేయరు. వానిని కొనువారు పదులసంఖ్యలో నుందురు. ప్రత్యేకమైన గుర్తులతో అక్షరములు కూర్చుటకు వ్యయమెక్కువ. ప్రభుత్వము చేయి చాపకున్నచో పంతులుగారి కాగితములు చెదలపాలయి యుండెడివి. నేటికిని ముండా భాషలను పరిశోధించు పండితులు ఆ గ్రంథములను చేతబట్టుచున్నారు. ప్రభుత్వము తలంచినచో ఎంత మేలు చేయగలదో ఇది నిదర్శనము.

ఆ ప్రభుత్వమే గీచిన ఒక గీత ఎట్టి మార్పును తెచ్చినదో కూడ తెలిసికొనదగినది. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడెను. పర్లాకిమిడి పట్టణమును, దాని వెనుకనున్న కొండప్రాంతమును ఆ రాష్ట్రమున చేరినవి. తెలుగువారెక్కువగా నున్న పర్లాకిమిడిని ఒరిస్సాలో చేర్చుటకు రామమూర్తి పంతులుగారు తెలుగువారి పక్షమున నిలిచి వ్యతిరేకించియుండిరి. వారి ప్రయత్నము ఫలింపలేదు. 56 సంవత్సరములు నివసించిన ఊరిని విడిచి, డెబ్బదిరెండేండ్ల వయస్సున వారు రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. తెలుగువారును ఒరియావారును తమ భాషలకై వాదించుకొనిరి. ఉభయులకును పట్టుదలగల నాయకులుండిరి. కొండలమీది సవరల భాష ఏ రాష్ట్రమునకు చెందునని అడిగినవారు లేరు. సరిహద్దుగీత సవరసీమ నడుమనుండి పోయినది. సవరలు కొందరు ఇటు, కొందరు అటు మిగిలిరి. 1938లో మద్రాసున నిఘంటువు అచ్చుపడునాటికి, ఆ మాటలను పలుకు కొండలలో పెద్దభాగము వేరొక ప్రభుత్వపు ఏలుబడిలో నుండెను.

ఆ 1936వ సంవత్సరముననే మరియొక విశేషము జరిగినది. ఒరిస్సాలో చేరిన సవరసీమలో మంగై గొమాంగో యను సవర పెద్ద తన భాషకు సొరంగ్ సొంపెంగ్ అను కొత్త లిపిని కల్పించెను. పరుల లిపితో కాక తమ సొంత లిపితో వ్రాసికొనవలెనను అభిలాష ఆ జాతిలోనుండియే పుట్టినది. ఏ ప్రభుత్వమును ఆజ్ఞాపింపలేదు. తమ భాష తమకు ప్రియమైనదని, దానిని నిలుపుకొనవలెనని సవరలు లోకమునకు చాటిన సందర్భమది. భాషను రక్షించుటయనగా పైవారు క్రిందివారికి చేయు దయ కాదని దీనివలన తేటపడుచున్నది.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1938లో రామమూర్తి పంతులుగారిని కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించెను. 1940వ సంవత్సరము జనవరి 22వ తేదీన వారు పరమపదించిరి. అప్పటికి వారి వయస్సు 76 సంవత్సరములు. వారి కోరికలు రెండును వారి కన్నులయెదుట నెరవేరలేదు. వ్యావహారికభాష పాఠశాలలలో సంపూర్ణముగ ప్రవేశించుటకు మరికొన్ని దశాబ్దములు పట్టినది. సవర బాలునికి సవరలో చదువు అనునది అంతకంటె ఆలస్యమైనది.

స్వతంత్ర భారతదేశ రాజ్యాంగము 1950లో అమలులోనికి వచ్చెను. తమ భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకొను హక్కు దేశమందలి ఏ జనసముదాయమునకైనను కలదని దాని 29వ అధికరణము చెప్పుచున్నది. 1956లో చేర్చబడిన 350-ఏ అధికరణము, అల్పసంఖ్యాక భాషలవారి పిల్లలకు ప్రాథమికవిద్య మాతృభాషలో లభించునట్లు రాష్ట్రములు యత్నింపవలెనని నిర్దేశించినది. బిడ్డకు మొదటి చదువు మాతృభాషలో నుండుట మేలని ఐక్యరాజ్యసమితి విద్యాసంస్థయైన యునెస్కో 1953లో ప్రకటించిన నివేదిక తెలిపెను. పర్లాకిమిడిలో ఒక ఉపాధ్యాయుడు సొంత ఖర్చుతో ఆచరించి చూపిన ధర్మము ఈ విధముగ దేశపు శాసనములోనికిని, లోకపు సమ్మతిలోనికిని చేరినది.

ధర్మము కాగితముపై నుండుటకును, బడిలో నడచుటకును నడుమ దూరము చాలగలదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఈ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమికవిద్యను ఆరంభించినది. గోండి, కోయ, కొలామి మొదలైనవానితోపాటు సవరయు అందు చేరినది. ఒడిశా ప్రభుత్వమును ఇంచుమించు అదేకాలమున ఇట్టి యేర్పాటును చేసెను. బాలుడు మొదట తన భాషలో చదువును వ్రాతను నేర్చి, క్రమక్రమముగ రాష్ట్రభాషకు సాగుట ఈ పద్ధతి. ఇందు తెలుగును విడుచుట లేదు. తెలుగు నేర్చుటకు మెట్టు కట్టుటయే కలదు. సవర నేర్చినచో తెలుగు రాదనువారి భయమునకు ఇదియే సమాధానము. అయితే ఆ భాష తెలిసిన ఉపాధ్యాయుడు ఉన్నచోట ఈ పద్ధతి నడచును. లేనిచోట పుస్తకము బీరువాలోనే నిలిచిపోవును. పంతులుగారు పుస్తకము వ్రాయుటతో ఆగక, ఉపాధ్యాయుల జీతములను తామే చెల్లించుటలోని అంతరార్థము ఇదియే.

రక్షణ లేని భాషలకు ఏమి సంభవించునో లోకమున ఉదాహరణములు లేకపోలేదు. అండమాను దీవులలో బో యను భాష యుండెడిది. 2010లో దానిని మాటలాడు కడపటి స్త్రీ మరణించుటతో ఆ భాష అంతరించెను. కడపటి దినములలో ఆమె తన మాతృభాషలో మాటలాడుటకు తోడు లేదు. 2013లో భారతప్రభుత్వము పదివేలమందికంటె తక్కువమంది మాటలాడు భాషలను గ్రంథస్థము చేయుటకు ఒక పథకమును ప్రారంభించినది. సవరభాషకు అంతటి దుర్దశ ఇంకను రాలేదు. 2011 జనాభా లెక్కలలో సుమారు 4 లక్షలమంది దానిని మాతృభాషగా చెప్పుకొనిరి. కాని సంఖ్య యొక్కటియే భాషకు కాపుదల కాదు. తల్లిదండ్రులు బిడ్డలతో ఆ భాషలో మాటలాడుట మానిన దినమున, లక్షలమంది భాషయైనను రెండు తరములలో క్షీణించును. తన భాష బడికి, కచేరికి, ఉద్యోగమునకు పనికిరాదని తోచినపుడు తల్లి ఆ నిర్ణయమునకు వచ్చును. సవరకు దగ్గరి చుట్టమైన సంతాలీ 2003లో రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో చేరినది. సవర ఇంకను చేరలేదు.

కావున అంతరించు భాషలను ప్రభుత్వము కాపాడవలెనా యను ప్రశ్నకు పంతులుగారి జీవితము ఒక సమాధానము చెప్పుచున్నది. భాష బలహీనపడుట వాన కురియునట్లు తనంతట జరుగు విషయము కాదు. ఏ భాషలో బడి నడపవలెనో, ఏ భాషలో దస్తావేజు వ్రాయవలెనో, ఏ భాష వచ్చినవానికి కొలువు ఈయవలెనో నిర్ణయించునది ప్రభుత్వమే. తాను చేసిన నిర్ణయములచే ఒక భాష కుంగిపోవుచుండగా, అది తన పని కాదని ప్రభుత్వము తప్పుకొనుట న్యాయము కాదు. వ్యాకరణమును అచ్చువేయించుట, ఉపాధ్యాయునికి జీతమిచ్చుట, కచేరీలో ఆ మాట వినువానిని నియమించుట ఒక్కని చేతనగు పనులు కావు. అవి ప్రభుత్వముచేతనే కావలెను.

ఐనను ప్రభుత్వము చేయలేని పని యొకటి గలదు. అది ఇంటిలో బిడ్డతో మాటలాడలేదు, జోలపాట పాడలేదు. ఆ భాషను వినుటకు, ప్రేమించుటకు, తెలిసికొనుటకు మనుష్యులే కావలెను. రామమూర్తి పంతులుగారు ప్రభుత్వపు ఉత్తరువు కొరకు కాచుకొని కూర్చుండలేదు. మొదట తాము విని నేర్చుకొనిరి, తరువాత వ్రాసిరి, తరువాత బడి పెట్టిరి. ప్రభుత్వము వచ్చి ముద్రించునాటికి ముద్రింపదగిన గ్రంథము సిద్ధముగ నుండెను. మంగై గొమాంగో వంటి సవరలు తమ భాషపై తమకుగల మమకారమును చూపిరి. ప్రజల మమకారమును, విద్వాంసుల శ్రమయు, ప్రభుత్వపు ఆశ్రయమును మూడును కూడినచోట భాష నిలుచును. ఏ యొక్కటి లోపించినను మిగిలిన రెంటికి బలము చాలదు.

రామమూర్తి పంతులుగారి జన్మదినమైన ఆగస్టు 29వ తేదీని నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నారు. ఆ దినమున తెలుగు పాఠశాలలలో వారి పటమునకు పూలదండ వేసి, మాతృభాష తల్లిపాలవంటిదని ఉపన్యసింతురు. ఆ మాట తెలుగు బిడ్డకెంత నిజమో, సీతంపేట కొండలలోని సవర బిడ్డకును అంత నిజము. తన భాషను ప్రేమించినవాడు ఇతరుని భాషను చిన్నచూపు చూడడు. తెలుగునకై జీవితమెల్ల పోరాడిన పంతులుగారు, తమ భాష కాని సవరకై తమ ధనమును, ఆరోగ్యమును, వినికిడిని సయితము ధారపోసిరి. వారిని స్మరించువారు ఈ రెండవ సేవను మరువరాదు.